కాస్కో నౌకపై స్టీవెన్సన్

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే అని మన పెద్దలు చెప్పుకొనెడివారు. రైళ్లు లేని ఆ రోజులలో దూరదేశమునకు బయలుదేరువారు ఇంటి లెక్కలు సరిచూచుకొని, అప్పులు తీర్చి, అయినవారికి అప్పగింతలు పెట్టి మరి గడప దాటెడివారు. ప్రయాణమునకు సిద్ధపడుట అనగా మూటలు కట్టుకొనుట మాత్రమే కాదు. తిరిగి రాకపోయినచో ఏమగునో ముందుగా ఆలోచించుకొనుట కూడ అందులో ఒక భాగమే.

1888వ సంవత్సరమున అట్టి ప్రయాణమునకు సకుటుంబముగా సిద్ధపడిన రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్. అతడు వ్రాసిన ‘ట్రెజర్ ఐలెండ్’ నవలను నండూరి రామమోహనరావు ‘కాంచనద్వీపం’ అను పేర తెలుగు బాలురకు అందించినాడు. దొంగ ఓడవాండ్రను, పాతిపెట్టిన ధనమును, ఒంటికాలి జాన్ సిల్వరును ఎరుగని విద్యార్థి అరుదు. కాని ఆ కథ వ్రాసినవాడు ఒక నౌకను నిజముగనే అద్దెకు తీసికొని, తల్లిని, భార్యను, సవతి కుమారుని వెంటబెట్టుకొని మహాసముద్రముపైకి బయలుదేరిన వృత్తాంతము అంతగా ప్రచారము పొందలేదు. అతని జీవితమును రెండు భాగములుగ విభజించినది ఆ ప్రయాణమే.

దీపస్తంభముల వంశము

స్టీవెన్సన్ 1850 నవంబరు 13వ తేదీన స్కాట్లండు రాజధాని యగు ఎడింబరోలో జన్మించినాడు. తల్లిదండ్రులకు అతడు ఏకైక సంతానము. అతని వంశమువారు దీపస్తంభముల నిర్మాతలు. సముద్రమధ్యమున, పోటు వచ్చినపుడు నీట మునిగిపోవు బెల్ రాక్ అను బండపై దీపస్తంభమును నిలిపి 1811లో వెలిగించిన ఇంజనీరు రాబర్ట్ స్టీవెన్సన్ అతని తాత. స్కెర్రీవోర్ దీపస్తంభమును కట్టిన ఆలన్ అతని పెదతండ్రి. తండ్రి థామస్ కూడ ఆ వృత్తిలో పేరు గడించినవాడే. కుమారుడును తమ మార్గమున నడచునని తండ్రి ఆశించినాడు. బాలుడు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు విద్యలో చేరి, తండ్రి వెంట ఓడపై ఉత్తర దీవులలోని దీపస్తంభములను చూచివచ్చినాడు. సముద్రము అతనిని ఆకర్షించినది. లెక్కలు మాత్రము ఆకర్షింపలేదు. 1871లో తాను రచయిత కాదలచినట్లు తండ్రికి తెలిపినాడు. తండ్రి మనసు నొచ్చుకొన్నను, న్యాయశాస్త్రమైనను చదువవలెనని రాజీపడినాడు. 1875లో స్టీవెన్సన్ న్యాయవాదిగా పట్టా పొందినాడు గాని, ఆ వృత్తిలో నిలువలేదు.

పసితనము నుండియు అతనికి ఊపిరితిత్తుల వ్యాధి. రాత్రుల తరబడి దగ్గుచు, దాది చెప్పెడి కథలు వినుచు పెరిగినాడు. పెద్దవాడైన పిదప నోటివెంట రక్తము పడుచుండెను. అది క్షయయేనా, మరియొకటియా అను విషయమున వైద్యులలో తరువాతి కాలమున భేదాభిప్రాయములు వచ్చినవి. ఏది యైనను, ఏ చలికాలము అతనికి చివరిదగునో అని ఇంటివారు భయపడుచు బ్రతికినారు.

1876లో ఫ్రాన్సు దేశమున అతడు ఫానీ ఆస్‌బర్న్ అను అమెరికా వనితను కలిసికొన్నాడు. ఆమె అతనికంటె పదియేండ్లు పెద్దది. భర్తకు దూరముగా ఇద్దరు బిడ్డలతో జీవించుచున్నది. 1879లో ఆమె కొరకు అతడు పేదల ఓడలో అట్లాంటిక్కును దాటి, వలసవారి రైలులో అమెరికా ఖండమును అడ్డముగ దాటి, కాలిఫోర్నియా చేరునప్పటికి ప్రాణము కంఠమునకు వచ్చినది. ఫానీ అతనికి ఉపచారము చేసి బ్రతికించినది. ఆమె విడాకులు పొందిన పిదప, 1880 మే 19వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో వారి వివాహము జరిగినది.

కాగితముపై ద్వీపము

1881 వేసవిలో ఆ కుటుంబము స్కాట్లండులోని బ్రేమార్ గ్రామమున ఉన్నది. వాన వదలక కురియుచున్నది. ఫానీ కుమారుడు లాయిడ్ పదుమూడేండ్ల బాలుడు. ఇంటిలో రంగులు, కుంచెలతో ప్రొద్దుపుచ్చుచుండెను. అతనితో కూడ కూర్చుండి స్టీవెన్సన్ ఒక ద్వీపమునకు పటము గీచినాడు. ఆ పటము నుండియే ‘ట్రెజర్ ఐలెండ్’ పుట్టినది. మొదట ఒక బాలుర పత్రికలో ధారావాహికముగ వెలువడి, 1883లో పుస్తకరూపము దాల్చినది.

కరేబియన్ సముద్రపు దొంగల గాలి ఆ నవలలో దట్టముగా వీచును. ఓడ పేరు హిస్పానియోలా. అది కరేబియన్ దీవులలో ఒకదాని పేరు. ఓడదొంగల పాటలో వచ్చు శవపేటిక మాటను స్టీవెన్సన్ చార్లెస్ కింగ్‌స్లీ వ్రాసిన వెస్టిండీస్ యాత్రాగ్రంథము నుండి గ్రహించినాడు. వర్జిన్ దీవులలోని ఒక చిన్న దీవికి ఆ పేరున్నది. ఈనాడు ఆ దీవుల చుట్టును కుటుంబములు తెరచాప పడవలను అద్దెకు తీసికొని సెలవులు గడపుచున్నవి. స్టీవెన్సన్ మాత్రము ఆ సముద్రమును ఎన్నడును చూడలేదు.

ఆ నవలలో ప్రయాణ సన్నాహమే పెద్ద ఘట్టము. జమీందారు ట్రెలానీ బ్రిస్టలు రేవున ఓడను కొని, రహస్యమును నలుగురిలో వెళ్లబోసికొని, హోటలు నడుపు ఒంటికాలివానిని వంటవానిగా పెట్టుకొని, కళాసీలను కుదుర్చు పనిని వానికే అప్పగించును. తన కళాసీలను తాను ఎంచుకొనలేదని కెప్టెన్ స్మాలెట్ మొదటి దినముననే మొగము చిట్లించును. తరువాత వచ్చిన కష్టములన్నియు ఆ తొందరపాటు నుండి పుట్టినవే. ఈ పాఠమును ఊహలో వ్రాసినవాడు ఏడేండ్ల పిదప స్వయముగ పరీక్షకు నిలువవలసివచ్చినది.

తండ్రి ధనము

1884 మొదలు మూడేండ్లు స్టీవెన్సన్ ఇంగ్లండు దక్షిణ తీరమున బోర్న్‌మత్ పట్టణములో ఉన్నాడు. తండ్రి కోడలికి కొనియిచ్చిన ఇంటికి స్కెర్రీవోర్ అను దీపస్తంభము పేరే పెట్టుకొన్నారు. డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్ కథయు, ‘కిడ్‌నాప్డ్’ నవలయు 1886లో వెలువడి అతని కీర్తి అట్లాంటిక్కు దాటినది. కాని ఆ కీర్తిని అనుభవించువాడు మంచము దిగలేని స్థితిలో ఉన్నాడు.

1887 మేలో తండ్రి మరణించినాడు. అతనిని ఇంగ్లండునకు కట్టివేసిన బంధము తెగినది. ఆగస్టులో తల్లిని కూడ వెంటబెట్టుకొని కుటుంబము న్యూయార్కునకు ఓడ ఎక్కినది. ఆ ఓడలో గుర్రములు, కోతులు కూడ ప్రయాణము చేసినవి. తక్కినవారికి దుర్భరముగ తోచిన ఆ యాత్రలో స్టీవెన్సన్ ఆశ్చర్యముగ కోలుకొన్నాడు. సముద్రపు గాలి తనకు పడునని అతనికి నమ్మకము కుదిరినది. ఆ చలికాలము న్యూయార్కు రాష్ట్రమున శరనాక్ సరస్సు చెంత, క్షయ చికిత్సకు పేరుపొందిన డాక్టర్ ట్రూడో సమీపమున గడచినది. వెలుపల మంచు గడ్డకట్టుచుండగా, లోపల నిప్పుల చెంత దక్షిణ సముద్రముల పటములు పరచుకొని తండ్రికొడుకుల వలె స్టీవెన్సన్, లాయిడ్ దీవుల పేర్లు చదువుకొనుచుండిరి. పత్రికాధిపతి మెక్‌క్లూర్ వచ్చి, అట్టి యాత్ర చేసి లేఖలు వ్రాసినచో తాను ప్రచురింతునని ప్రోత్సహించినాడు.

ఇక మిగిలినవి నౌకయు ధనమును. తండ్రి ఆస్తి నుండి సంక్రమించిన సొమ్ములో 2000 పౌనులు ఈ యాత్రకు వ్యయపరచ నిశ్చయించినాడు. ఇది విలాసపురుషుని వ్యయము కాదు. ఎడింబరోలో తన ధనవ్యవహారములు చూచు మిత్రుడు చార్లెస్ బాక్‌స్టర్‌కు అతడు సంగతి దాచక తెలిపినాడు. ఏడు నెలలు నౌకను తీసికొనుచున్నానని, దీనివలన కోలుకొననిచో సొమ్ము పోయినట్లేనని, అప్పుడు తన వ్యాధి కుదురదని అయినను తేలునని దాని సారాంశము. దీపస్తంభములు కట్టి తండ్రి ఆర్జించిన ధనమును, ఆ వృత్తిని కాదన్న కుమారుడు సముద్రము మీదనే పణముగ ఒడ్డినాడు.

నౌక కుదిరినది

1888 వసంతమున ఫానీ ముందుగ కాలిఫోర్నియాకు పోయినది. నౌక దొరకునేమో విచారించు భారము ఆమెపై పడినది. ఆమెకు సముద్రమనిన గిట్టదు. ఓడ కదలినంతనే వాంతులతో మంచము పట్టెడి శరీరము ఆమెది. అట్టి ఆమెయే భర్త ప్రాణము కొరకు నౌకను వెదకినది. కాస్కో అను నౌక అద్దెకు దొరకునని తంతి పంపినది. న్యూజెర్సీ తీరమున ఉన్న స్టీవెన్సన్ వెంటనే సమ్మతి తెలిపినాడు.

కాస్కో రెండు కొయ్యల తెరచాప నౌక. పొడవు సుమారు 95 అడుగులు. దాని యజమాని డాక్టర్ శామ్యూల్ మెరిట్, ఓక్లండు నగరమునకు పూర్వము మేయరుగా పనిచేసిన ధనికుడు. తన వినోదము కొరకు దానిని కట్టించుకొన్నాడు. లోపలి గదులలో మఖమలు దిండ్లు, నిలువుటద్దములు, తళతళలాడు ఇత్తడి పనితనము. ఒక సంపన్నుని డ్రాయింగు రూమును నీటిపై తేల్చినట్లుండెను. కాని కొయ్యలు ఎత్తు, తెరచాపలు పెద్దవి. గాలిని పట్టి వేగముగ పరుగిడుటకు అనువైనది గాని, పెద్ద అలలకు ఓర్చుకొను బరువైన ఓడ కాదు.

మెరిట్‌కు మొదట ఈ బేరము నచ్చలేదు. పత్రికలలో చదివినదానిని బట్టి స్టీవెన్సన్ ఒక పిచ్చివాడని ఆయన తలచినాడు. ముఖాముఖి చూచి మాటలాడిన పిమ్మట, ఇతడు తెలివిగల సామాన్య మనుష్యుడే అని తృప్తిపడినాడు. అయితే ఒక షరతు పెట్టినాడు. నౌకను నడుపువాడు తన కెప్టెన్ ఆల్బర్ట్ ఓటిస్ మాత్రమే కావలెను. స్టీవెన్సన్ అంగీకరించినాడు. తన నవలలోని జమీందారు చేసిన తప్పు ఇచట జరుగలేదు. నౌక గుణదోషములు ఎరిగినవాని చేతికే చుక్కాని అప్పగింపబడినది.

ప్రయాణ సన్నాహము

జూన్ మొదటి వారమున స్టీవెన్సన్, తల్లి, లాయిడ్ రైలులో కాలిఫోర్నియా చేరినారు. నౌక బయలుదేరుటకు సుమారు మూడు వారములే వ్యవధి. ఒక రోగి, అతని భార్య, ఇరువదియేండ్ల యువకుడు, ఏబదితొమ్మిదేండ్ల వృద్ధమాత, పరిచారిక వాలెంటైన్. సముద్రపు పని వృత్తిగా ఎరిగినవారు వీరిలో ఒక్కరును లేరు. నెల దినములు భూమి కనబడని ప్రయాణమునకు ఈ ఐదుగురు సిద్ధపడవలెను.

ఎవరి సన్నాహము వారిది. ఫానీ ఆహారపదార్థముల బాధ్యత వహించినది. ఓడకు పెట్టవలసిన పిండి, మాంసము, డబ్బాలలోని పదార్థములు, మందులు అన్నియు లెక్కకట్టుట ఆమె పని. దారిలో అంగడి యుండదు. దక్షిణ దీవుల ఉక్కకు ఇంగ్లండు దుస్తులు పనికిరావు కనుక, హవాయి స్త్రీలు ధరించు హోలకు అను వదులైన పొడవాటి గౌనులను స్త్రీలు కుట్టించుకొన్నారు. మత ప్రబోధకుని కుమార్తెయు, గొప్ప ఇంజనీరు భార్యయు అగు మార్గరెట్ స్టీవెన్సన్ ఆ వదులు గౌను తొడిగినను, తలపై వితంతువులు ధరించు గంజిపెట్టిన తెల్లని టోపీని మాత్రము వదలలేదు. లాయిడ్ కెమెరాను, టైపు మిషనును సిద్ధము చేసికొన్నాడు. ఆ యాత్ర ఛాయాచిత్రములు నేటికిని నిలిచియున్నవి. స్టీవెన్సన్ కాగితములు, పుస్తకములు, సగము వ్రాసిన ‘మాస్టర్ ఆఫ్ బాలంట్రే’ నవలను పెట్టెలో పెట్టుకొన్నాడు. విహారయాత్ర అయినను వ్రాతపని ఆగిన కుటుంబము గడవదు.

కెప్టెన్ ఓటిస్ సన్నాహము వేరు. అతడు నలుగురు కళాసీలను, ఒక వంటవానిని సమకూర్చుకొన్నాడు.  కెప్టెన్ ఈ ప్రయాణికులను నమ్మలేదు. ‘ట్రెజర్ ఐలెండ్’ చదివినాడు గాని అందలి నావికవిద్యను గొప్పగా మెచ్చుకొనలేదట. వృద్ధురాలు సముద్రములో పడినచో ఏమి చేయుదువని అడిగినవారికి, ఆ విషయమును ఓడ దినచర్య పుస్తకములో వ్రాయుదునని అతడు సమాధానమిచ్చినట్లు ఒక కథ ప్రచారములో ఉన్నది. నవ్వుటకు బాగుగనే యుండును. కాని అతడు చేసిన మరియొక ఏర్పాటు నవ్వులాట కాదు. ప్రయాణికుని వాలకము చూచి, అతడు దారిలో మరణించినచో సముద్రములో అంత్యక్రియలు జరుపుటకు కావలసిన సామగ్రిని కూడ ఓడలో పెట్టించినాడు. పిండి బస్తాలు, మందుల పెట్టెలు, రంగుల గౌనులు, వాటి నడుమ ఆ సామగ్రి: ఇంతటి సత్యసంధమైన ప్రయాణ సన్నాహము మరియొకటి ఉండబోదు.

1888 జూన్ 28వ తేదీ ఉదయమున కాస్కో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి గోల్డెన్ గేట్ దాటి పసిఫిక్ మహాసముద్రమున ప్రవేశించినది.

పుచ్చిన కొయ్య

మూడు వేల మైళ్ల నీటిని దాటి, సరిగా నెల దినములకు, జూలై 28వ తేదీన నౌక మార్కేసాస్ దీవులలోని నూకుహీవా తీరమున లంగరు వేసినది. మంచమునకు అంటుకొనిపోయిన మనుష్యుడు ఓడపై చెప్పులు లేక నడువసాగినాడు, ఎండకు నల్లబడినాడు, తీరము చేరిన పిదప గుర్రమెక్కినాడు. కెప్టెన్ అభిప్రాయము మారినది. ఆ వృద్ధురాలు అలలకు బెదరక కూర్చుండుటయు, రోగి తుపానులో ఉత్సాహముగా మెలగుటయు చూచి, అతడు ఆ కుటుంబమునకు ఆప్తుడైనాడు. పిమ్మట నౌక పగడపు దిబ్బలతో నిండిన పౌమోటు దీవుల నడుమ ప్రమాదమును తప్పించుకొనుచు నడచి, సెప్టెంబరు చివర తాహితీ చేరినది. అచట స్టీవెన్సన్‌కు జబ్బు తిరుగబెట్టినది. అతనిని ఆ ద్వీపపు దూరప్రాంతమగు తౌతీరా గ్రామమునకు తరలించినారు. రాజవంశీయురాలగు మోయె అతనికి ఆహారము పంపి ఆదుకొన్నది. ఆ ఊరి పెద్ద ఓరీ-ఆ-ఓరీ తన ఇంటిని వారికి విడిచినాడు.

అచటనే ఒక సంగతి బయటపడినది. కాస్కో పెద్ద కొయ్య పైభాగము లోలోపల పుచ్చిపోయియున్నది. పైకి చక్కగనే కనబడుచున్నది. లోపల చెక్క మిగులలేదు. పౌమోటు దీవుల నడుమ ఒక గట్టి గాలి వీచియుండినచో ఆ కొయ్య విరిగి ఓడతో పాటు అందరును సముద్రగర్భమున చేరెడివారు. మఖమలు దిండ్లను, అద్దములను చూచినవారెవరును దానిని కనిపెట్టలేదు. ఫానీ లెక్కలలో గాని, కెప్టెన్ అనుమానములలో గాని, స్టీవెన్సన్ తెగింపులో గాని దానికి చోటు లేదు. అందరును రోగి దేహమునే శంకించినారు. పుచ్చినది మాత్రము ఓడ కొయ్య.

నౌకను మరమ్మతు కొరకు పపీటే రేవునకు పంపి, కుటుంబము తౌతీరాలో వేచియున్నది. వారములు గడచినవి. నౌక రాలేదు, వార్త లేదు, తెచ్చుకొన్న పదార్థములు తరుగుచున్నవి. ఫానీ కన్నీరు పెట్టుకొన్నది. అప్పుడు ఓరీ, మీరు నా తోబుట్టువులు, నాకున్నది మీది అను భావమున వారిని ఊరడించినాడు. ఆ దీవి మర్యాద ననుసరించి అతడును స్టీవెన్సనును పేర్లు మార్చుకొని సోదరులైనారు. పిమ్మట ఓరీ చెడ్డ వాతావరణములో తన పడవను నడిపించుకొని పపీటేకు పోయి వార్తను, ఆహారమును తెచ్చినాడు. రెండు వేల పౌనులు కొనలేని వస్తువు అచట ఉచితముగ లభించినది.

1888 డిసెంబరు 25వ తేదీన నౌక తౌతీరాను విడిచినది. గాలి లేక కొన్నాళ్లు, గాలి ఎక్కువై కొన్నాళ్లు ఆలస్యమై, చివరకు ఉప్పు మాంసముతోను ఓడ బిస్కట్లతోను కడుపు నింపుకొనుచు 1889 జనవరి 24వ తేదీన హోనోలూలూ చేరినారు. అచట అద్దె గడువు ముగించి కాస్కోను తిరిగి పంపివైచినారు. అంత్యక్రియల సామగ్రిని వాడవలసిన అవసరము కలుగలేదు.

తిరిగి రాని యాత్ర

ఏడు నెలల కొరకు బయలుదేరినవాడు స్వదేశమునకు మరల పోలేదు. చలిదేశమునకు పోయినచో బ్రతుకనని అతనికి తెలిసిపోయినది. హోనోలూలూలో ‘మాస్టర్ ఆఫ్ బాలంట్రే’ పూర్తిచేసి, మరి రెండు ఓడలపై దీవులలో సంచరించి, సమోవాలో ఆపియా పట్టణము చెంత భూమి కొని, వైలీమా అను చోట ఇల్లు కట్టుకొన్నాడు. తల్లియు అచటికి వచ్చి చేరినది. సమోవావారు అతనిని కథలు చెప్పువాడు అను అర్థమున తూసితాలా అని పిలిచినారు. వారి దేశముపై పెత్తనము చేయుచున్న జర్మను, బ్రిటిషు, అమెరికను అధికారుల అక్రమములను అతడు పత్రికలలో ఖండించినాడు. కారాగారమున పడిన నాయకులకు సహాయము చేసినాడు. విడుదలయైన ఆ నాయకులు 1894లో కృతజ్ఞతగా తమ చేతులతో అతని ఇంటికి బాట వేసినారు.

ఆ సంవత్సరముననే డిసెంబరు 3వ తేదీ సాయంకాలమున, భోజనమునకు ఏర్పాట్లు జరుగుచుండగా, భార్య ప్రక్కన నిలిచియున్న స్టీవెన్సన్ హఠాత్తుగా తల పట్టుకొని కూలిపోయినాడు. అందరును భయపడిన ఊపిరితిత్తులు కావు, మెదడులో రక్తనాళము చిట్లినది. అప్పటికి అతని వయస్సు 44 సంవత్సరములు. సమోవావారు రాత్రికి రాత్రి వైయా పర్వతముపైకి అడవి నరికి త్రోవ చేసి, మరునాడు భుజములపై మోసికొని పోయి శిఖరముపై సమాధి చేసినారు. 1914లో మరణించిన ఫానీ చితాభస్మము కూడ మరుసటి యేడు అచటికే చేరినది.

మంచముపై గడచిపోవలసిన ఆరు సంవత్సరములు ఆ యాత్ర వలన అతనికి జీవితముగ దక్కినవి. ఆ కుటుంబము చేసికొన్న సన్నాహములో లోపములు లేకపోలేదు. పుచ్చిన కొయ్యయే అందుకు సాక్ష్యము. ఎంత జాగ్రత్తపరుడైనను ప్రయాణములోని ప్రతి ఆపదను ముందుగ ఎంచి పెట్టెలో సర్దుకొనలేడు. తాను ఎంత పోగొట్టుకొనుటకు సిద్ధమో ఎంచుకొనగలడు; నడిపించువానిని ఎరిగి ఎంచుకొనగలడు; వెంట వచ్చువారికి నిజము చెప్పగలడు. ఈ మూడింటిని స్టీవెన్సన్ చేసినాడు. మిగిలినదానిని కెప్టెన్ మెలకువయు, తౌతీరాలోని ఒక పరదేశి సౌహార్దమును పూరించినవి.